పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్‌లో రిఫరెన్స్ డేటాని ఒక కాల్ నుంచి ఇంకో కాల్‌కి దాచుకోవడం ఎలా

సి లో సొంత ఫంక్షన్ రాసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఎక్స్‌టెన్షన్‌గా తగిలించుకున్న వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వచ్చి తీరుతుంది. కొలతలు మార్చే ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి, విలువ ఇచ్చి ఏ యూనిట్ నుంచి ఏ యూనిట్‌కి మార్చాలో చెబితే లెక్క కట్టి ఇస్తుంది. ఏ యూనిట్‌కి ఎంత గుణకం అనేది ఒక టేబుల్‌లో ఉంది, మహా అయితే 400 రికార్డులు, అవి కూడా ఎప్పుడో గానీ మారవు. ఫంక్షన్ లోపల ఎస్‌పీఐ (సి కోడ్ లోంచి ఎస్‌క్యూఎల్ నడిపే ఇంటర్‌ఫేస్) పెట్టి ఆ టేబుల్‌ని సెలెక్ట్ చేసేస్తాం, టెస్ట్ చేస్తే చక్కగా పనిచేస్తుంది. తర్వాత ఎవరో దాన్ని 10 లక్షల రికార్డులున్న టేబుల్ మీద వాడతారు, ఇక చూడండి, పైకి కనపడేది ఒక్క క్వెరీ, లోపల నడిచేది ఇంకో 10 లక్షల బుల్లి క్వెరీలు, ప్రతి దానికీ కనెక్ట్, పార్స్, ప్లాన్, ఎగ్జిక్యూట్, ఫినిష్. చెయ్యాల్సింది ఒక్క గుణకారం, దానికి ఇంత తంతు.

ఎస్‌పీఐ_ప్రిపేర్ చేసి ఎస్‌పీఐ_కీప్‌ప్లాన్ తో ప్లాన్‌ని అట్టిపెట్టుకుంటే పార్స్, ప్లాన్ ఖర్చు చాలావరకు తగ్గుతుంది. ఒక్కోసారి అదే సరిపోతుంది కూడా, కాబట్టి ముందు అది చేసి కొలిచి చూడండి. కానీ ఎగ్జిక్యూటర్‌ని, అంటే క్వెరీని నడిపే భాగాన్ని, లేపి పడుకోబెట్టే ఖర్చు మాత్రం ప్రతి కాల్‌కీ ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే టేబుల్‌ని ఒక్కసారి చదివి మెమరీలో పెట్టుకోవాల్సిందే.

క్యాష్, అంటే ఇలా మెమరీలో దాచుకోవడం, అనగానే చాలామంది హ్యాష్ టేబుల్ ఎలా కట్టాలి అని మొదలెడతారు, అది తేలిక పని, రెడీమేడ్ గా ఉంది. నిజంగా ఆలోచించాల్సింది రెండు విషయాలు. దాచుకున్నది ఎంతసేపు బతకాలి, అది పాతబడిందని మనకి ఎవరు చెబుతారు. ఈ రెండింటికీ జవాబు తేల్చుకున్నాకే కోడ్ ముట్టుకోండి. (ఫంక్షన్ పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, అండర్‌స్కోర్ ఉన్నచోట గీత పెట్టాను, విడివిడిగా కనపడే పదాలు కోడ్‌లో కలిపి టైప్ చేసుకోవాలి.)

ముందు మెమరీ సంగతి

మెమరీ తీసుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌లో సి వాళ్ల మ్యాలక్ వాడం, పాలక్ వాడతాం. పాలక్ ఇచ్చే చోటు ఆ క్షణాన ఏ మెమరీ కాంటెక్స్ట్ నడుస్తుంటే దాంట్లోంచి వస్తుంది. ఆ కాంటెక్స్ట్ రీసెట్ అయితే దాంట్లో తీసుకున్నదంతా ఒక్క దెబ్బకి పోతుంది, విడివిడిగా ఫ్రీ చెయ్యక్కర్లేదు. మామూలు ఫంక్షన్ కాల్ నడిచేటప్పుడు ఉండేది సాధారణంగా పర్ టపుల్ కాంటెక్స్ట్, అంటే ఒక్కో రో పూర్తవగానే ఊడ్చేసేది.

నేను మొదటిసారి రాసినప్పుడు ఒక స్టాటిక్ పాయింటర్ పెట్టి, అది ఖాళీగా ఉంటే పాలక్ చేసి నింపుకుని, లేకపోతే అదే వాడుకునేలా రాశాను. ఒక్క సెలెక్ట్ కొట్టాను, సరైన జవాబు వచ్చింది. టెస్ట్‌లన్నీ ఒక్కో రో మీదే రాసుకున్నాను కాబట్టి అన్నీ పాస్. అసలు టేబుల్ మీద నడిపితే మొదటి రో సరిగ్గా వచ్చింది, రెండో రోకి గుణకం ఏదో పిచ్చి నెంబర్ వచ్చింది, కాసేపటికి సర్వర్ ప్రాసెస్ సెగ్‌ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకోవడం) అయి పడిపోయింది, దాంతోపాటు మిగతా కనెక్షన్లు కూడా తెగిపోయాయి, ఎందుకంటే ఒక బ్యాకెండ్ (ఒక కనెక్షన్‌కి పనిచేసే ప్రాసెస్) క్రాష్ అయితే అన్నీ పంచుకునే షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని పోస్ట్‌మాస్టర్ అనే తల్లి ప్రాసెస్ అన్నిటినీ ఆపి మళ్లీ మొదలెడుతుంది. పాయింటర్ బతికే ఉంది, అది చూపిస్తున్న చోటు మాత్రం ఎప్పుడో వేరేవాళ్లకి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఏ టెస్ట్ రాసినా కనీసం కొన్ని వేల రోల మీద నడపకుండా వదలను.

కాబట్టి దాచుకునేది ఏదైనా సరే, దాని ఆయుష్షుకి సరిపోయే కాంటెక్స్ట్‌లో పెట్టాలి. మనకి పనికొచ్చేవి ముఖ్యంగా రెండు, ఒక క్వెరీ ఉన్నంతసేపు ఉండేది, సెషన్ ఉన్నంతసేపు ఉండేది.

ఒక్క క్వెరీకి చాలు అనుకుంటే

చాలా కేసుల్లో ఇదే సరిపోతుంది, అసలు ఇక్కడితో ఆగిపోగలిగితే ఆగిపోండి అనే నా సలహా. 10 లక్షల రోల క్వెరీలో టేబుల్‌ని ఒక్కసారి చదివితే ఆ ఖర్చు లెక్కలోకే రాదు, పైగా క్వెరీ అయిపోగానే క్యాష్ కూడా పోతుంది కాబట్టి పాత డేటా గోల దాదాపు ఉండదు.

ప్రతి ఫంక్షన్ కాల్‌కీ ఎఫ్‌సీఇన్ఫో అని కాల్ వివరాల స్ట్రక్ట్ ఒకటి వస్తుంది కదా, దాంట్లో ఫంక్షన్ వివరాలున్న ఎఫ్ఎల్‌ఇన్ఫో ఉంటుంది, దాంట్లో ఎఫ్ఎన్_ఎక్స్‌ట్రా అనే ఒక ఖాళీ పాయింటర్ మన కోసమే పెట్టి ఉంచారు. మొదట్లో అది నల్. పక్కనే ఎఫ్ఎన్_ఎమ్‌సీఎక్స్‌టీ అని ఉంటుంది, అది ఆ ఎఫ్ఎల్‌ఇన్ఫో బతికినంతసేపు బతికే కాంటెక్స్ట్. రెండూ జంటగా వాడాలి, వరస ఇలా:

క్యాష్ = ఎఫ్ఎల్‌ఇన్ఫో లోని ఎఫ్ఎన్_ఎక్స్‌ట్రా
క్యాష్ నల్ అయితే
    ఎఫ్ఎన్_ఎమ్‌సీఎక్స్‌టీ లో కొత్త స్ట్రక్ట్‌కి చోటు తీసుకో
    టేబుల్ చదివి స్ట్రక్ట్ నింపు
    పూర్తిగా నిండాక మాత్రమే ఎఫ్ఎన్_ఎక్స్‌ట్రా లో పెట్టు
క్యాష్‌లో వెతికి జవాబు ఇవ్వు

చోటు తీసుకోవడానికి పాలక్ కాదు, మెమరీ కాంటెక్స్ట్ అలాక్ వాడి ఏ కాంటెక్స్టో చెప్పాలి. నింపాకే పెట్టు అని ఎందుకు అంటున్నానంటే మధ్యలో ఎర్రర్ వస్తే సగం నిండిన స్ట్రక్ట్ అక్కడ ఉండిపోకూడదు. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో అర్రే_ఇన్ చూడండి, ఎలిమెంట్ టైప్ వివరాలు ప్రతిసారీ కాటలాగ్‌లో (పోస్ట్‌గ్రెస్ సొంత వివరాల టేబుళ్లలో) వెతక్కుండా సరిగ్గా ఇలాగే దాచుకుంటుంది. మ్యాప్ డేటాకి వాడే పోస్ట్‌జీఐఎస్ ఎక్స్‌టెన్షన్ కూడా ఒకే జామెట్రీ మళ్లీ మళ్లీ ఆర్గ్యుమెంట్‌గా వస్తుంటే దానికి ప్రిపేర్డ్ రూపం కట్టి ఇలాగే అట్టిపెట్టుకుంటుంది.

ఇందులో కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి. ఎవరైనా మీ ఫంక్షన్‌ని సి లోంచి డైరెక్ట్ ఫంక్షన్ కాల్ తో పిలిస్తే ఎఫ్ఎల్‌ఇన్ఫో అనేదే నల్ గా వస్తుంది, చూసుకోకుండా దాంట్లోకి దిగితే క్రాష్. అలా వస్తే క్యాష్ లేకుండా నడిచే దారి ఒకటి పెట్టండి. సెట్ రిటర్నింగ్ ఫంక్షన్ (ఎస్ఆర్ఎఫ్, ఒక్కటి కాకుండా చాలా రోలు తిరిగిచ్చేది) రాస్తుంటే ఎఫ్ఎన్_ఎక్స్‌ట్రా ని ఎస్ఆర్ఎఫ్ మ్యాక్రోలే వాడేసుకుంటాయి, మీరు ముట్టుకోకూడదు, మీ సామాను యూజర్_ఎఫ్‌సీటీఎక్స్ లో పెట్టుకోవాలి. ఒకే క్వెరీలో ఫంక్షన్‌ని రెండు చోట్ల పిలిస్తే ఒక్కో చోటుకి ఒక్కో ఎఫ్ఎల్‌ఇన్ఫో, అంటే రెండు క్యాష్‌లు, రెండుసార్లు లోడ్, 400 రికార్డులకి పర్లేదు, 4 లక్షల రికార్డులైతే ఆలోచించాలి. ఇంకొకటి, ఇండెక్స్ సపోర్ట్ ఫంక్షన్‌గా వాడితే ఆ ఎఫ్ఎల్‌ఇన్ఫో రెల్‌క్యాష్‌లో (టేబుళ్ల, ఇండెక్స్‌ల వివరాలు పోస్ట్‌గ్రెస్ దాచుకునే చోట) కూర్చుని క్వెరీ దాటి కూడా బతుకుతుంది, కాబట్టి ఎఫ్ఎన్_ఎక్స్‌ట్రా అంటే క్వెరీ ఆయుష్షే అని గట్టిగా నమ్మకండి.

అన్నిటికన్నా ఎక్కువగా కనపడే తప్పు ఆర్గ్యుమెంట్ పాయింటర్‌ని అలాగే దాచుకోవడం. క్రితం కాల్‌లో వచ్చిన యూనిట్ పేరు గుర్తుపెట్టుకుని ఈసారి కూడా అదే అయితే వెతకడం మానేద్దాం అనుకుంటాం, ఆలోచన మంచిదే, కానీ ఆ టెక్స్ట్ ఉన్న చోటు రో మారగానే పోతుంది. మెమరీ కాంటెక్స్ట్ స్ట్రడప్ తోనో డేటమ్ కాపీ తోనో కాపీ తీసి ఎఫ్ఎన్_ఎమ్‌సీఎక్స్‌టీ లో పెట్టుకోవాలి. ఎస్‌పీఐ ఫలితాలదీ అదే కథ, ఎస్‌పీఐ_ఫినిష్ అనగానే లోపల తీసుకున్నదంతా పోతుంది, కావాల్సింది ముందే మన కాంటెక్స్ట్‌లోకి కాపీ చేసుకోవాలి.

దాచేది పాలక్ మెమరీ కాకపోతే, అంటే బయటి లైబ్రరీ ఇచ్చిన హ్యాండిలో తెరిచిన ఫైలో అయితే, కాంటెక్స్ట్ పోయినప్పుడు అది తనంతట తాను మూసుకోదు. మెమరీ కాంటెక్స్ట్ రిజిస్టర్ రీసెట్ కాల్‌బ్యాక్ అని పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ నుంచి ఉంది, దానికి మూసే ఫంక్షన్ అప్పజెప్పండి.

సెషన్ అంతా ఉండాలంటే

చిన్న చిన్న క్వెరీలు వేలకొద్దీ వచ్చే అప్లికేషన్ అయితే క్వెరీ స్థాయి క్యాష్ వల్ల లాభం ఉండదు, ప్రతి క్వెరీకీ మళ్లీ లోడ్ కదా. అప్పుడు స్టాటిక్ వేరియబుల్‌కి పోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ కాబట్టి స్టాటిక్ వేరియబుల్ ఆ కనెక్షన్‌కే సొంతం, లాక్‌లు అక్కర్లేదు, పక్క కనెక్షన్‌కి కనపడదు. పోస్ట్‌గ్రెస్ సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కోడ్ కూడా ఇదే చేస్తుంది, కంపైల్ చేసిన ప్యాటర్న్‌లు 32 దాకా బ్యాకెండ్‌లోనే ఉంచుకుని, ఇప్పుడే వాడినదాన్ని జాబితాలో ముందుకి జరుపుకుంటుంది.

మీ క్యాష్‌కి సొంత కాంటెక్స్ట్ ఒకటి తయారుచెయ్యండి, ప్రాసెస్ ఉన్నంతసేపు ఉండే టాప్ మెమరీ కాంటెక్స్ట్‌లో నేరుగా పాలక్ చేసి పడెయ్యకండి. సొంతది ఉంటే మొత్తం తీసెయ్యాలంటే ఒక్క డిలీట్ చాలు, పైగా 14 నుంచి ఉన్న పీజీ_బ్యాకెండ్_మెమరీ_కాంటెక్స్ట్స్ వ్యూలో మీ పేరుతో ఎంత తింటోందో విడిగా కనపడుతుంది.

లోడ్ చేసే వరస చాలా ముఖ్యం. పోస్ట్‌గ్రెస్‌లో ఎర్రర్ అంటే లాంగ్‌జంప్, మీ కోడ్ మధ్యలోంచి ఎగిరి వెళ్లిపోతుంది, శుభ్రం చేసే లైన్‌కి రానే రాదు. కొత్త కాంటెక్స్ట్‌ని మొదటే టాప్ కింద పెడితే, లోడ్ మధ్యలో ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ఒక అనాథ కాంటెక్స్ట్ మిగిలిపోతుంది, రోజుల తరబడి తెరిచి ఉండే కనెక్షన్‌లో అది పెరుగుతూ పోతుంది. అందుకని ఎస్‌పీఐ_కనెక్ట్‌కి ముందు, అప్పుడు నడుస్తున్న కాంటెక్స్ట్ కిందే పిల్ల కాంటెక్స్ట్‌గా పెట్టండి, హ్యాష్ టేబుల్ దాంట్లో కట్టి నింపండి, అంతా సవ్యంగా అయ్యాక మెమరీ కాంటెక్స్ట్ సెట్ పేరెంట్ తో దాన్ని టాప్ కిందకి మార్చండి, ఆ తర్వాతే స్టాటిక్ పాయింటర్‌ని కొత్తదానికి తిప్పండి. మధ్యలో ఎర్రర్ వస్తే పిల్ల కాంటెక్స్ట్ తల్లితో పాటే పోతుంది, పాత క్యాష్ చెక్కుచెదరకుండా ఉంటుంది.

హ్యాష్ టేబుల్‌కి హ్యాష్_క్రియేట్ సరిపోతుంది, హ్యాష్_కాంటెక్స్ట్ ఫ్లాగ్ ఇచ్చి హెచ్‌సీఎక్స్‌టీ లో మీ కాంటెక్స్ట్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే అది టాప్ కిందకి పోతుంది. కీ స్ట్రింగ్ అయితే 14 నుంచి హ్యాష్_స్ట్రింగ్స్ అని స్పష్టంగా చెప్పాలి. టేబుల్ పేరు స్కీమాతో సహా రాయండి, యూజర్ సెర్చ్ పాత్ (స్కీమాలు వెతికే వరస) మార్చుకుంటే వేరే టేబుల్ చదివే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, ఎస్‌పీఐ క్వెరీ పిలిచిన యూజర్ హక్కులతోనే నడుస్తుంది, కానీ ఒకసారి క్యాష్ అయ్యాక సెషన్‌లో రోల్ మార్చుకున్నా అదే డేటా అందుతుంది. అందరూ చదవగలిగే టేబుల్ కాకపోతే, లేదా రో స్థాయి సెక్యూరిటీ ఉన్న టేబుల్ అయితే, సెషన్ క్యాష్ పెట్టొద్దు.

పాతబడిందని ఎలా తెలుస్తుంది

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, నేనూ తిన్నాను. ఒక గుణకం తప్పు పడిందని టేబుల్‌లో సరిచేశాం, చూసుకుంటే సరిగ్గానే ఉంది, కానీ అప్లికేషన్‌లో కొన్నిసార్లు పాతది, కొన్నిసార్లు కొత్తది వస్తోంది. కనెక్షన్ పూల్‌లో కొన్ని కనెక్షన్లు దిద్దడానికి ముందు లోడ్ చేసుకున్నాయి, కొన్ని తర్వాత, ఏ రిక్వెస్ట్ ఏ కనెక్షన్‌కి పడితే ఆ జవాబు. పూల్ మొత్తం రీస్టార్ట్ చేస్తే గానీ సర్దుకోలేదు. సెషన్‌ని శుభ్రం చేసే డిస్కార్డ్ ఆల్ కొడితే పోతుంది కదా అనుకోవచ్చు, పోదు, మన స్టాటిక్ వేరియబుల్ సంగతి దానికి తెలియదు.

ఇంత సమయం దాటితే మళ్లీ లోడ్ అని టైమర్ పెట్టడం తేలిక దారి, కొన్ని నిమిషాల తేడా ఫర్వాలేదు అనుకునే డేటాకి అది చాలు. కచ్చితంగా కావాలంటే పోస్ట్‌గ్రెస్ దగ్గరే ఉన్న ఇన్‌వాలిడేషన్ (దాచుకున్నది ఇక చెల్లదని కబురు పంపే) యంత్రాంగాన్ని వాడుకోవచ్చు. లైబ్రరీ లోడ్ అవగానే నడిచే పీజీ_ఇనిట్ లో, అది అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది గుర్తుంచుకోండి, ఒక్కసారి క్యాష్ రిజిస్టర్ రెల్‌క్యాష్ కాల్‌బ్యాక్ పిలిచి మీ కాల్‌బ్యాక్ ఇవ్వండి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు, స్లాట్‌లు కూడా పరిమితమే, కాబట్టి ఫంక్షన్ లోపల మాత్రం పిలవకండి.

అయితే ఒక మెలిక ఉంది. రెల్‌క్యాష్ ఇన్‌వాలిడేషన్ టేబుల్ ఆకారం మారితే వస్తుంది, ఆల్టర్ చేసినా ట్రంకేట్ చేసినా వస్తుంది, మామూలుగా ఒక రో అప్‌డేట్ చేస్తే రాదు. దాన్ని మనమే రప్పించాలి. యూనిట్ల టేబుల్ మీద ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ తర్వాత నడిచే స్టేట్‌మెంట్ స్థాయి ట్రిగ్గర్ ఒకటి సి లో రాసి, దాంట్లో క్యాష్ ఇన్‌వాలిడేట్ రెల్‌క్యాష్ కి ట్రిగ్గర్ ఇచ్చిన టేబుల్‌ని అందించండి. కమిట్ అయినప్పుడు ఆ కబురు ఆ డేటాబేస్‌లోని అన్ని బ్యాకెండ్లకీ చేరుతుంది, రోల్‌బ్యాక్ అయితే బయటికి పోదు, మీ సొంత బ్యాకెండ్‌లో మాత్రం మళ్లీ చెల్లకుండా చేస్తుంది, అంటే కమిట్ కాని మార్పుని క్యాష్ చేసుకుని ఉన్నా అది కూడా పోతుంది. ఈ కబురు లాగ్‌లోని కమిట్ రికార్డ్‌తో పాటే వెళ్తుంది కాబట్టి ఫిజికల్ స్టాండ్‌బై (ఆ లాగ్‌తో నడిచే నకలు సర్వర్) మీది సెషన్లకి కూడా చేరుతుంది. లాజికల్ రెప్లికేషన్‌తో టేబుల్ నింపుతుంటే మాత్రం జాగ్రత్త, అక్కడ అప్లై చేసే ప్రాసెస్ రో ట్రిగ్గర్లనే నడుపుతుంది, స్టేట్‌మెంట్ ట్రిగ్గర్లని కాదు, రో ట్రిగ్గర్ని కూడా ఎనేబుల్ ఆల్వేస్ అనో ఎనేబుల్ రెప్లికా అనో పెడితేనే.

కాల్‌బ్యాక్ లోపల ఏమీ చెయ్యకండి. టేబుల్ చదవడం, క్యాష్ డిలీట్ చెయ్యడం, ఏదీ వద్దు, అది ఎక్కడ పడితే అక్కడ, మీ లోడ్ మధ్యలో కూడా నడవొచ్చు, ఎందుకంటే ఏదైనా టేబుల్‌కి లాక్ తీసుకునేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ఈ కబుర్లు విప్పి చూస్తుంది. వచ్చిన టేబుల్ ఓఐడీ, అంటే గుర్తింపు నెంబర్, మనదే అయితే, లేదా సున్నా అయితే (సున్నా అంటే అన్నీ చెల్లవు అని), ఒక కౌంటర్‌ని ఒకటి పెంచి వచ్చెయ్యాలి, అంతే.

కౌంటర్ ఎందుకు, చెల్లుతుందా లేదా అనే ఒక బూలియన్ చాలదా అంటే చాలదు. లోడ్ అయ్యాక చెల్లుతుంది అని పెట్టారనుకోండి, లోడ్ మధ్యలో వచ్చిన కబురు తుడిచిపెట్టుకుపోతుంది. లోడ్‌కి ముందే పెట్టారనుకోండి, మధ్యలో ఎర్రర్ వస్తే పాత క్యాష్‌కి చెల్లుతుంది అనే ముద్ర ఉండిపోతుంది. కౌంటర్ అయితే లోడ్ మొదలయ్యే ముందు విలువ రాసుకుని, లోడ్ అయ్యాక క్యాష్ మీద ఆ పాత విలువనే అంటిస్తాం, తర్వాతి కాల్‌లో రెండూ కలవకపోతే మళ్లీ లోడ్. రెండూ కలిసేదాకా అక్కడికక్కడే లూప్ మాత్రం వెయ్యొద్దు, వీలున్నప్పుడల్లా క్యాష్‌లన్నిటినీ చెల్లకుండా చేసే డీబగ్_డిస్కార్డ్_క్యాషెస్ ఆన్ చేస్తే అది ఎప్పటికీ కలవదు, ప్రాసెస్ అక్కడే తిరుగుతూ ఉంటుంది.

స్నాప్‌షాట్ దగ్గర మోసం

పైదంతా చేశాక కూడా పాత డేటా శాశ్వతంగా ఇరుక్కునే దారి ఒకటి మిగిలి ఉంది, కనిపెట్టడం చాలా కష్టం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మీ సెషన్ రిపీటబుల్ రీడ్‌లో (ట్రాన్సాక్షన్ అంతా ఒకే స్నాప్‌షాట్ వాడే స్థాయిలో) ఉంది, స్నాప్‌షాట్, అంటే ఏ క్షణం నాటి డేటా కనపడాలో చెప్పేది, తీసేసుకుంది. ఇంకో సెషన్ గుణకం మార్చి కమిట్ చేసింది, కబురు మీకు వచ్చింది, కౌంటర్ పెరిగింది. తర్వాతి కాల్‌లో మీరు మళ్లీ లోడ్ చేస్తారు, కానీ పాత స్నాప్‌షాట్‌తో చదువుతారు కాబట్టి పాత గుణకమే వస్తుంది, దానికి కొత్త కౌంటర్ విలువ అంటిస్తారు. ట్రాన్సాక్షన్ అయిపోయింది, కబురు ఇక రాదు, క్యాష్ తాజాగా ఉందనే అనుకుంటుంది, ఇంకెవరైనా ఆ టేబుల్‌ని కదిపేదాకా ఆ సెషన్‌లో తప్పు లెక్కలే. స్టేట్‌మెంట్‌కో స్నాప్‌షాట్ తీసుకునే రీడ్ కమిటెడ్‌లో కూడా స్టేట్‌మెంట్ మొదలయ్యాక, లోడ్‌కి ముందు కమిట్ పడితే ఇదే జరుగుతుంది, ఎస్‌పీఐని రీడ్ ఓన్లీ అని పిలిస్తే ఉన్న స్నాప్‌షాట్‌నే వాడుతుంది కదా.

దీనికి నేను వాడేది గెట్ లేటెస్ట్ స్నాప్‌షాట్. కౌంటర్ రాసుకోవడం ముందు, తర్వాత తాజా స్నాప్‌షాట్‌ని పుష్ యాక్టివ్ స్నాప్‌షాట్ తో పెట్టి, రీడ్ ఓన్లీగా చదివి, పాప్ చెయ్యడం, ఈ వరస తప్పకూడదు. దీనివల్ల ట్రాన్సాక్షన్ స్నాప్‌షాట్ కన్నా కొత్త గుణకం కనపడొచ్చు, రిఫరెన్స్ డేటాకి అది నాకు సమ్మతమే. మీకు కాదంటే, ఐసోలేషన్ యూజెస్ ఎక్స్‌యాక్ట్ స్నాప్‌షాట్ నిజం అయినప్పుడు, అంటే రిపీటబుల్ రీడ్ లేదా అంతకన్నా కఠినమైన స్థాయిలో, సెషన్ క్యాష్ జోలికి పోకుండా క్వెరీ స్థాయి క్యాష్‌తోనే సరిపెట్టండి. ఇంకో షరతు, గెట్ లేటెస్ట్ స్నాప్‌షాట్ ప్యారలల్ క్వెరీ (పనిని కొన్ని ప్రాసెస్‌లు పంచుకునేది) నడుస్తుండగా ఎర్రర్ ఇస్తుంది, లీడర్ ప్రాసెస్‌లో కూడా, కాబట్టి ఆ ఫంక్షన్‌ని ప్యారలల్ అన్‌సేఫ్ అని ప్రకటించాలి.

ఒకే క్వెరీ మధ్యలో క్యాష్ మారిపోతే సగం రోలకి పాత గుణకం, సగం రోలకి కొత్తది పడే అవకాశం కూడా ఉంది. అందుకే రెండు పద్ధతులూ కలిపేస్తాను, సెషన్ క్యాష్‌లో ఒక్కో వెర్షన్‌కి రెఫరెన్స్ కౌంట్ పెట్టి, క్వెరీలో మొదటి కాల్‌లో ఎఫ్ఎన్_ఎక్స్‌ట్రా లో ఆ వెర్షన్ పాయింటర్ పట్టుకుని కౌంట్ పెంచుతాను, ఎఫ్ఎన్_ఎమ్‌సీఎక్స్‌టీ రీసెట్ కాల్‌బ్యాక్‌లో తగ్గిస్తాను, పాత వెర్షన్ కౌంట్ సున్నాకి వచ్చి, స్టాటిక్ పాయింటర్ కూడా దాన్ని వదిలేశాకే దాని కాంటెక్స్ట్ డిలీట్. క్వెరీ మొదలైనప్పుడు ఏది పట్టుకుందో చివరిదాకా అదే వాడుతుంది.

స్టేబుల్ అనండి, ఇమ్యూటబుల్ అనకండి

టేబుల్ చదివే ఫంక్షన్‌ని వేగం కోసం ఇమ్యూటబుల్ (ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పటికీ ఒకే జవాబు) అని ప్రకటించేవాళ్లని చాలామందిని చూశాను. అలా అంటే కాన్‌స్టెంట్ ఆర్గ్యుమెంట్లతో ఉన్న కాల్‌ని ప్లాన్ చేసేటప్పుడే లెక్కకట్టి గట్టిపరిచేస్తుంది, ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్‌లో పెట్టుకోనిస్తుంది, రేపు గుణకం మారితే ఇండెక్స్‌లో ఒకటి, టేబుల్‌లో ఒకటి. స్టేబుల్ (ఒక స్టేట్‌మెంట్ లోపల మాత్రం జవాబు మారదు) అనే పెట్టండి. అలాగని స్టేబుల్ పెడితే పోస్ట్‌గ్రెస్ ఫలితాన్ని గుర్తుపెట్టుకుంటుంది అనుకోవద్దు, అలాంటి వాగ్దానం ఏమీ లేదు, రో రోకీ పిలుస్తూనే ఉంటుంది.

కనెక్షన్ల సంఖ్యతో గుణించి చూసుకోండి

క్యాష్ 20 ఎంబీ, కనెక్షన్లు 200 అయితే 4000 ఎంబీ. చిన్న టేబుల్‌కి ఈ లెక్క అక్కర్లేదు గానీ పెద్దదానికి షేర్డ్ మెమరీ వైపు చూడాలి. అంటే ఎక్స్‌టెన్షన్‌ని షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్ సెట్టింగ్‌లో పెట్టడం, సర్వర్ మొదలయ్యేటప్పుడే చోటు అడగడం, 15 నుంచి అయితే దానికి విడిగా హుక్, పైన ఎల్‌డబ్ల్యూలాక్‌లు (షేర్డ్ మెమరీకి వాడే తేలికపాటి లాక్‌లు), ఇదంతా ఉంటుంది. 17లో గెట్ నేమ్‌డ్ డీఎస్ఎమ్ సెగ్మెంట్ వచ్చాక ప్రీలోడ్ లేకుండానే షేర్డ్ ముక్క తీసుకోవచ్చు, కొత్తగా మొదలెట్టేవాళ్లు దాంతోనే మొదలెట్టడం మేలు. నిజంగా అవసరం అనిపిస్తే తప్ప అటు పోవద్దనే అంటాను, లాక్ పట్టుకుని ఉండగా చేసే తప్పు ఒక్క సెషన్‌తో ఆగదు.

సి ఎక్స్‌టెన్షన్ పెట్టుకునే వీలు లేని సర్వర్ అయితే, పీఎల్ పైథాన్‌లో ఎస్‌డీ, జీడీ అని రెండు డిక్షనరీలు ఉంటాయి, మొదటిది ఆ ఫంక్షన్‌కే సొంతం, రెండోది సెషన్‌లో పైథాన్ ఫంక్షన్లన్నిటికీ ఉమ్మడి. పీఎల్ పెర్ల్‌లో అండర్‌స్కోర్ షేర్డ్ అనే హ్యాష్ ఉంటుంది. ఆయుష్షు సమస్య తీరిపోతుంది, పాతబడే సమస్య మాత్రం అలాగే ఉంటుంది, అక్కడ టైమరో, టేబుల్‌లో ఒక వెర్షన్ నెంబరో పెట్టుకోవాలి. ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకి సెట్_ఆక్స్‌డేటా, గెట్_ఆక్స్‌డేటా ఉన్నాయి, ఆర్గ్యుమెంట్ కాన్‌స్టెంట్ అయినప్పుడు దానికి కట్టి దాచుకోవచ్చు, కాకపోతే సెట్ చేసిన వెంటనే కూడా అది పారెయ్యొచ్చు కాబట్టి ఎప్పుడూ ఉంటుందని నమ్మి రాయకూడదు. మైఎస్‌క్యూఎల్ యూడీఎఫ్‌లో (సొంతంగా రాసుకునే ఫంక్షన్‌లో) అయితే ఇనిట్ ఫంక్షన్‌లో చోటు తీసుకుని ఇనిట్ఐడీ లోని పీటీఆర్ లో పెట్టి, డీఇనిట్ లో వదిలెయ్యాలి.

టెస్ట్ చెయ్యడం

అసర్ట్‌లు (కోడ్ లోపలి తనిఖీలు) ఆన్ చేసి, అంటే ఎనేబుల్ సీఅసర్ట్ తో బిల్డ్ చేసిన పోస్ట్‌గ్రెస్ ఒకటి పక్కన పెట్టుకోండి. దాంట్లో వదిలేసిన మెమరీని 7ఎఫ్ బైట్లతో నింపేస్తుంది, చచ్చిన పాయింటర్ వాడితే అదృష్టం కొద్దీ పనిచేసే అవకాశం చాలా తగ్గుతుంది, తప్పు త్వరగా బయటపడుతుంది. అదే బిల్డ్‌లో 14 నుంచి డీబగ్_డిస్కార్డ్_క్యాషెస్ ని 1 చేసి మీ టెస్ట్‌లు నడపండి, చాలా నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఇన్‌వాలిడేషన్ ఎక్కడ పడినా తట్టుకుంటుందో లేదో తేలిపోతుంది.

ఆ తర్వాత రెండు పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్) విండోలు తెరవండి. మొదటి దాంట్లో ఫంక్షన్ పిలవండి, రెండో దాంట్లో గుణకం మార్చి కమిట్ కొట్టండి, మొదటి దాంట్లో మళ్లీ పిలిస్తే కొత్తది రావాలి. ఇప్పుడు మొదటి దాంట్లో రిపీటబుల్ రీడ్‌లో బిగిన్ చేసి, స్నాప్‌షాట్ పడడానికి ఏదో ఒక సెలెక్ట్ కొట్టండి, రెండో దాంట్లో గుణకం ఇంకోసారి మార్చి కమిట్ చెయ్యండి, మొదటి దాంట్లో ఫంక్షన్ పిలిచి, కమిట్ చేసి, మళ్లీ పిలవండి. ఈ చివరి పిలుపుకి పాత గుణకం వచ్చిందంటే స్నాప్‌షాట్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.